గోడ మీది సాక్ష్యం

గాజువాకలో వాటర్ ఫిల్టర్లు బాగుచేసే గవరయ్యకు వంటగది గోడలంటే గిట్టదు. ఏ ఇంట్లో చూసినా గోడే తెర, దాని మీద ఎప్పుడూ ప్రకటనల సదస్సే. ఆటిజం పిల్లలకు ఫలానా పొడి తాగిస్తే మాటలొస్తాయని పొద్దస్తమానం ఊదరగొడుతుంటారు. ఎవరేమడిగినా గోడ మీది మనిషి జవాబు చెబుతాడు కూడా.

ఆ రోజు రేవతమ్మ గారింట్లో ఫిల్టరు విప్పుతుంటే, గోడ మీద అతని భార్య పైడితల్లి కనిపించింది. "మూడు నెలలు తాగించానండి. మా లిఖిత ఇప్పుడు అమ్మా అని పిలుస్తోంది," అంటూ కళ్లొత్తుకుంటోంది.

గవరయ్య చేతిలో స్పానరు ఆగిపోయింది. పొడి ఉచితంగా ఇస్తామంటే పైడితల్లి పోయినేడు తన ముఖమూ గొంతూ ప్రకటనల్లో వాడుకోమని ఆ కంపెనీవాళ్లకు రాసిచ్చింది. నెల తిరక్కుండానే పిల్ల వాంతులతో ఆసుపత్రి పాలైతే ఆ డబ్బా అవతల పారేశారు. లిఖిత ఇవాళ్టికీ నోరు విప్పలేదు.

రేవతమ్మ ఇంకా మాటలు రాని తన నాలుగేళ్ల కూతురికి అదే పొడి కలుపుతోంది.

"తాగించకండమ్మా! ఆ గోడ మీదున్నది మా ఇంటిదే. మా పిల్లకి మాటల్లేవు, ఏటీ లేవు. ఆ పొడికి సచ్చి బతికింది," అన్నాడు గవరయ్య.

రేవతమ్మ అతన్ని ఎగాదిగా చూసి గోడవైపు తిరిగింది. "ఏమ్మా, ఈయన మీ ఆయనంట, నిజమేనా?"

పైడితల్లి అతన్ని చూసి, ఇంట్లో విసుక్కున్నట్టే విసుక్కుంది. "ఆయనేనండి. మొదట్నుంచీ అన్నిటికీ అనుమానమే ఆయనకి. మీరు పట్టించుకోకండి, కలపండి."

అచ్చం ఆమె మాటే. రేవతమ్మ గ్లాసు పాప నోటికి ఆనించింది.