అరికాళ్ళ దురద

నెలలు నిండిన కోడలు దువ్వెనతో అరికాళ్ళు బరబరా గోక్కుంటోంది.

"కడుపుతో ఉన్నప్పుడు దురదలు మామూలేనమ్మా. పొట్టకి కాస్త నూనె రాసుకో," అంది అత్తగారు, మిషన్ మీద బుల్లి చొక్కా కుడుతూ, తలెత్తకుండా.

"పొట్ట కాదత్తయ్యా! అరచేతులూ, అరికాళ్ళూ. వారం నుంచీ కంటిమీద కునుకు లేదు. చూడబోతే ఒక్క దద్దురూ లేదు."

మిషన్ టక్కున ఆగింది.

"ఏదీ, చూడనీ." ఆవిడ కోడలి పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని వెలుతురుకి తిప్పి చూసింది. "లే. ఆసుపత్రికి పద."

"ఇప్పుడేగా మామూలే అన్నారు?" కోడలు ఉక్రోషంగా అడిగింది.

"నాకూ అప్పట్లో అలాగే చెప్పారు. నమ్మాను."

అత్తగారు కిందకి వంగి, కోడలికి తనే చెప్పులు తొడిగింది.

"మీ ఆయన నా తొలిచూలు బిడ్డ కాడమ్మా."