బియ్యం డబ్బా వెనక గోడ

మా ఆయన పరాంకుశంగారికి ఇళ్ల మాట మీద ఉన్న నమ్మకం పెళ్లాం మాట మీద లేదు. ఈ రోజుల్లో ప్రతి ఇల్లూ తన మంచిచెడ్డలు తానే చెబుతుంది కదా! ఇళ్లకు విలువ కట్టడం నేర్పే గురువులు పెట్టే పరీక్ష ఆయన ఇప్పటికే రెండుసార్లు తప్పారు. రేపే ఆఖరి అవకాశం. సాధన కోసం మా ఇంటినే ప్రశ్నించారు.

"చెమ్మ ఉందా?"

"లేదండీ," అంది ఇల్లు వినయంగా.

"బియ్యం డబ్బా వెనక చెయ్యి పెట్టి చూడండి," అన్నాను.

"ఇళ్లు అబద్ధమాడవే, పిచ్చిదానా!" అంటూనే పెట్టారు. అరచేయి తడిసింది.

"చుట్టాల్లో పరువు పోతుంది, ఎవరడిగినా చెప్పొద్దని అమ్మగారే అన్నారండీ," అని ఇల్లు గొణిగింది.

నేను పప్పు తిరగమోతలో మునిగిపోయాను.

ఆయన సున్నం అంటిన చేతిని పంచెకు తుడుచుకున్నారు. "తప్పు నాదేనే. పరీక్షలో రెండుసార్లూ ఇంటిని అడిగాను గానీ గోడను ముట్టుకోలేదు," అన్నారు.