ఏడో గదిలో సీసా

శనివారం నవోమి చెయ్యాల్సిన పనులు నాలుగు.

రేపు చర్చిలో ప్రభువు బల్ల దగ్గర అందరికీ ఇచ్చే మత్తులేని ద్రాక్షరసం సీసాలు కొనాలి.

ఏడో గది పెద్దాయనకి పక్కబట్టలు మార్చాలి.

నొప్పి మందు వేళ తప్పకుండా ఇవ్వాలి.

ఆ వైన్ సీసా గొడవ ఇవాళ్టితో తేల్చెయ్యాలి.

మొదటిది దారిలోనే అయిపోయింది. సీసాలు కార్లో ఉన్నాయి. రెండూ మూడూ రోజూ చేసేవే. చిక్కంతా నాలుగోదానితోనే.

చికాగో పక్కన నేపర్‌విల్‌లో ఆమె నర్సుగా పనిచేసే ఆ హాస్పిస్‌కి రోజులు దగ్గరపడ్డవాళ్ళే వస్తారు. ఏడో గది కేశవరావు వచ్చి పదకొండు రోజులైంది. చూడ్డానికి ఒక్క మనిషి రాలేదు. వెంట తెచ్చుకున్నది ఒక చెక్కపెట్టె. అందులో గడ్డి మీద పడుకోబెట్టిన ఎర్ర వైన్ సీసా.

"కేశవరావు గారూ" అంటే పలకడు. అంకుల్ అనాల్సిందే.

"అంకుల్, కాస్త పక్కకి ఒత్తిగిలండి."

"ఒత్తిగిల్తాలే. ఇవాళైనా మూత తీస్తావా?"

"మళ్ళీ మొదలెట్టారా?"

"డాక్టర్ ఓకే అన్నాడుగా! నాలిక మీద ఒక్క చుక్క. తాగేసి డాన్స్ చేస్తాననుకున్నావా?"

మింగలేనివాళ్ళకి అక్కడ అలాగే ఇస్తారు. పుల్ల చివర చిన్న స్పాంజి ఉంటుంది. కాఫీ అడిగితే కాఫీలో, చారు అడిగితే చారులో ముంచి నాలిక తడుపుతారు.

"రేష్మ సిస్టర్ ఇస్తానంది కదా. తనతో ఇప్పించుకోండి."

"వద్దు. నీ చేత్తోనే."

ఆ మాట వింటేనే నవోమికి ఒళ్ళు మండుతుంది.

"అంత ఏముంది దాన్లో?"

కేశవరావు కళ్ళలోకి ప్రాణం వచ్చింది. "ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గర మూడొందల ఏళ్ళ తోటమ్మా అది! చికాగోలో పెద్ద హోటల్లో ముప్ఫై ఏళ్ళు వెయిటర్ని. ఒగరుగా ఉండే ఈ వైన్ ఎంతమందికి పోశానో. కళ్ళు మూసుకుని ఒక్క బొట్టు నాలికకి రాసుకుంటే తోట పేరు చెప్పేసేవాణ్ణి. రిటైరైన రోజు ఓనరు, నీకిష్టమైన సీసా తీసుకో అన్నాడు. వెతికి వెతికి ఆ లేబుల్ మీదున్న ఏడాదిదే ఏరుకున్నా."

నవోమి లేబుల్ చూసింది. 1998.

సారా తాగి తాగి వాళ్ళ నాన్న నెత్తురు కక్కుకుని పోయిన ఏడు. గంజికి లేక అమ్మ ఆమెను బాపట్లలో మిషన్ హాస్టల్లో వదిలిన ఏడు. డబ్బు పంపే ఎవరో తెల్లదొర పుణ్యాన అక్కడ చదువు సాగింది. పేరు కూడా తెలియని ఆ దొర కోసం ఇప్పటికీ రోజూ ప్రార్థన చేస్తుంది.

"అంకుల్, మా ఇంట్లో సీసా ముట్టిన చెయ్యి మా నాన్నదొక్కటే. నా చెయ్యి ముట్టదు."

ఆయన చెక్కపెట్టె వైపు చూశాడు.

"ఒక్క చుక్క పడనీ తల్లీ. తర్వాత నీకో మాట చెప్పాలి. దానికోసమే ఇన్నాళ్ళు దాచా."

"తాగితే గానీ రాని మాట నాకొద్దు."

మధ్యాహ్నానికి ఆయన ఊపిరి తీరు మారింది.

"రేపటిదాకా ఉండడేమో నవోమీ," అంది రేష్మ. "ఏదో ఒకటి నాలిక్కి ఇయ్యరాదు, పాపం."

ఏదో ఒకటి!

నవోమి గబగబా కార్ దగ్గరికి వెళ్ళింది. చర్చి కోసం కొన్న ద్రాక్షరసం చిన్న కప్పులో పోసుకొచ్చింది. అదీ ఎర్రనే. అదీ ద్రాక్షే.

"అంకుల్, నోరు తెరవండి. మీ వైన్."

కేశవరావుకి చూపు ఆనడం లేదు. "బిరడా తీసిన చప్పుడు వినపడలేదే?"

"బయటే తీశాను."

స్పాంజి నాలికకి తగిలింది. నాలిక కదిలింది. ఆగింది.

ఆయన ఆమె మొహం ఉన్న వైపే చాలాసేపు చూశాడు.

"తియ్యగా ఉందమ్మా," అన్నాడు.

"ఏదో మాట చెబుతానన్నారు?"

"ఏం లేదులే. నీకు పనులుంటాయి, వెళ్ళు."

మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

అటు దేవుడి ముందూ తప్పు చెయ్యలేదు, ఇటు మనిషినీ బాధపెట్టలేదు. తెలివిగానే చేశాననుకుంది నవోమి. తేలికపడ్డ మనసుతో ఇంటికెళ్ళింది. ఆదివారం చర్చిలో అదే ద్రాక్షరసం కళ్ళు మూసుకుని తాగింది.

మధ్యాహ్నం డ్యూటీకి వచ్చేసరికి ఏడో గదిలో మంచం ఖాళీ.

"తెల్లారంగ పోయిండు," అంది రేష్మ. "ఈ పెట్టె నీకే ఇయ్యాలని ముందే కాయితం మీద రాయించిండు. ఇక్కడికే రావాలని పట్టుబట్టి మరీ చేరిండంట, తెలుసా?"

నవోమి పెట్టె మూత తెరిచింది. సీసా బిరడా మీద సీలు చెదరలేదు.

గడ్డి కింద హాస్టల్ వార్షికోత్సవ పత్రికలోంచి కత్తిరించిన పేజీ ఉంది. అందులో నర్సు యూనిఫాంలో తన ఫొటో, కింద ఈ హాస్పిస్ పేరు.

దాని కింద దారంతో కట్టిన గీతల కాగితాలు. పైన ఉన్నది పెన్సిలుతో రాసింది.

"డియర్ అంకుల్, నేను నర్సు అవుతాను. మీకు జబ్బు చేస్తే మీరు ఏది అడిగినా నా చేత్తో ఇస్తాను. ఇట్లు, నవోమి, మూడో తరగతి."

ఎప్పుడైనా మీ నాలికకి ద్రాక్షరసం తియ్యగా తగిలితే కేశవరావును ఒక్కసారి తలచుకోండి; ఇరవై ఏడేళ్ళుగా నవోమి ప్రార్థనలో ఉన్న ఆ తెల్లదొర, చికాగో హోటల్లో పరాయివాళ్ళ గ్లాసులు నింపిన ఆ వెయిటరే.