తీగ పీకినా పలికిన సర్వర్

"మా సర్వర్ ఆగడమంటే సూర్యుడు సెలవుచీటీ రాయడమే సార్!" అని యజమాని ఫోన్లో గొప్పలు పోతుండగానే, హాల్లో కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా చేతులెత్తేశాయి. ఏ ఫైలూ తెరుచుకోలేదు. పెద్ద ప్రింటర్ వంతెన బొమ్మని నది మధ్యదాకా గీసి ఆగిపోయింది. ఆ డ్రాయింగ్ ప్రకారం కడితే, అవతలి ఒడ్డుకి జనం ఈదుకుంటూ పోవాల్సిందే.

యజమాని సర్వర్ గదిలోకి దూసుకొచ్చాడు. ఆయన అరుపుకి గోడగడియారం ఓ నిమిషం వెనక్కి నడిచింది.

"ఏమ్మా, పన్నెండులోపు డ్రాయింగులు ఇవ్వకపోతే వంతెన పని మనకి రాదు. తెలుసా?"

"తెలుసు సార్."

"ఆ పని పోయిందా, రేపట్నుంచి ఈ గది తాళం నీ దగ్గరుండదు. బయటి కంపెనీకి ఇచ్చేస్తా!"

సర్వర్ చూసుకునే ఆమెని ఆఫీసులో అందరూ వదిన అనే పిలుస్తారు. వదిన సర్వర్ ఆపి మళ్లీ ఆన్ చేసింది. ఫైళ్లు వచ్చాయి. డ్రాఫ్ట్స్‌మన్ ఈల వేశాడు. ఈల పూర్తికాకుండానే మళ్లీ పోయాయి.

"ముసలిదైపోయింది వదినా, పాతసామాన్లవాడికి వేసెయ్," అన్నాడతను.

"పాడైతే ఒకేసారి పోవాలి. ఇలా వస్తూ పోతూ ఉందంటే తప్పు దీనిది కాదు."

అంటూనే సర్వర్ వెనకున్న నెట్‌వర్క్ తీగ పీకేసింది.

"ఉన్నది కూడా పీకేశావేంటమ్మా!" యజమాని గుండె పట్టుకున్నాడు.

"ఒక్క నిమిషం సార్. ప్రతి మెషీన్‌కీ ఇంటినంబరులా ఓ నంబరుంటుంది కదా. ఇప్పుడు సర్వర్ నంబరుకి 'ఉన్నావా?' అని కబురు పెడతా. తీగే లేదు కాబట్టి పలక్కూడదు."

తన కంప్యూటర్‌లో కీ నొక్కింది. జవాబొచ్చింది. ఉన్నాను. మళ్లీ నొక్కింది. ఉన్నాను.

యజమాని రెండడుగులు వెనక్కేశాడు. "దెయ్యమా?"

"దొంగ సార్. ఎవరో మన సర్వర్ నంబరు తమ మెషీన్‌కి పెట్టుకున్నారు. ఫైలు కావాలన్నవాళ్లు ఓసారి మన తలుపు కొడుతున్నారు, ఓసారి ఆ దొంగ తలుపు."

"ఆ నంబరు దొంగిలించి ఏం చేసుకుంటారు?"

"వీడియోలు రాకుండా మీరు అందరికీ ఆపించారుగా. సర్వర్ నంబరుకి ఆ అడ్డు లేదు. ఇవాళ మ్యాచుంది."

హాల్లో తలలన్నీ మెల్లగా స్క్రీన్ల వెనక్కి జారాయి. ఫ్యాన్ కూడా మెల్లగా తిరిగింది.

వదిన అందరి నెట్‌వర్క్ తీగలూ వచ్చి చేరే గోడపెట్టె తెరిచి, ఒక్కో తీగా పీకుతూ 'ఉన్నావా?' అని అడగడం మొదలుపెట్టింది. డ్రాఫ్ట్స్‌మన్ తీగ పీకింది. ఉన్నాను. "చూశారా, నేను కాదు!" అని అతను ఎగిరి గంతేశాడు. అకౌంటెంట్‌ది పీకింది. ఉన్నాను. ఓ నీలం తీగ పీకింది.

స్క్రీన్ మూగబోయింది.

ఆ క్షణంలో ఆమెకి విగ్రహం పెట్టాలంటే ఏ కూడలీ సరిపోయేది కాదు. సర్వర్‌కి తీగ తగిలించగానే ప్రింటర్ కొత్త కాగితం లాక్కుని, వంతెనని ఈసారి అవతలి ఒడ్డుదాకా గీసి పడేసింది.

"తాళం నీ దగ్గరే ఉంచుకోమ్మా! ఆ దొంగని ఏం చేస్తావో నీ ఇష్టం!" అని డ్రాయింగులు చంకలో పెట్టుకుని యజమాని కారు వైపు పరిగెత్తాడు.

వదిన నీలం తీగని వేళ్లతో తడుముకుంటూ గోడ వెంట బయల్దేరింది. డ్రాఫ్ట్స్‌మన్ బల్ల దాటింది. అకౌంటెంట్ కుర్చీ దాటింది. మూలబల్ల దగ్గర ఆగి, అక్కడ బుద్ధిమంతుడిలా తలొంచుకుని కూర్చున్నవాడి చెవిలోంచి ఇయర్‌ఫోన్ మెల్లగా లాగింది.

"స్కోరెంత మరిదిగారూ?"

"నువ్వు తీగ పీకేదాకా మనమే గెలుస్తున్నాం వదినా," అన్నాను.