ఇంటి సాళ్లు

"ఒరేయ్ నాగేంద్రా, ఎల్లుండి కోతకు మనుషులొస్తుంటే రేపు మందు కొట్టేదేందిరా?"

పొద్దున్నుంచీ రాఘవమ్మ కొడుకుని అడుగుతూనే ఉంది. అతను వినిపించుకోకుండా ఇంటి వెనక మిరప కల్లంలో మందు సీసాలు వరసగా పెట్టుకుంటున్నాడు.

"ఇప్పుడు కొట్టకపోతే మిగిలిన కాయంతా తామర పురుగు పాలే."

"కొట్టినాక రెండు వారాలు ఆగమని సీసా మీద రాసుందంటగా? కోడలు చదివింది."

"అది ఒక్క మందుకమ్మా. నేను మూడు కలుపుతున్నా. ఇది నా ఫార్ములా. ఏ కంపెనీ వాడికీ తెలవదు."

నాగేంద్రబాబు కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. కిందటి నెల అతను కలిపి కొట్టిన మందుకే కల్లంలో పెద్ద రాశి ఎర్రగా నిగనిగలాడుతోంది. కారంపూడి నుంచి కూడా రైతులు వచ్చి చూసిపోయారు.

"మరి తింటే ఏమవుద్దిరా?"

"నాకేం తెలుసు? పురుగు చావాలి, కాయ మెరవాలి. అంతవరకే నా పని."

"మన ఇంటి సాళ్ల మీద పడితే?"

"పడదులే. మందు కొట్టే డ్రోన్ వచ్చేలోపు రమ కప్పేసిద్దిగా."

కల్లాన్ని ఆనుకునే చేను. అందులో బోరు పక్కనున్న నాలుగు సాళ్లు ఇంటివి. వాటికి మందు తగలనివ్వరు. తమ కారానికీ పచ్చళ్లకూ అలా విడిగా పెంచుకోవడం ఊళ్లో చాలామందికి అలవాటే. నాగేంద్ర భార్య రమాదేవి పాత చీరలు తెచ్చి ఆ మొక్కల మీద కప్పుతోంది. మందు కొట్టిన ప్రతిసారీ ఆమె పనే అది. ఎందుకని ఎప్పుడూ అనుకోలేదు.

ఇంటి ముందు ఆటో ఆగింది. యాభై ఏళ్లావిడ దిగి కల్లంలోకి వచ్చింది. చంకలో మడిచిన గోతాలు.

"కాయలు కొంటానికొచ్చానయ్యా."

"చూసుకో అమ్మా. అంతా ఫస్టు క్వాలిటీ."

ఆమె పెద్ద రాశిలోంచి ఒక కాయ తీసి వాసన చూసి, మళ్లీ రాశిలోనే పెట్టింది. నులక మంచం మీద ఆరబోసిన చిన్న రాశి వైపు చూసింది. రంగు తక్కువ, అక్కడక్కడా మచ్చలు.

"మరి అయ్యేంది?"

"మా ఇంటికి," అన్నాడు నాగేంద్ర తండ్రి కొండలు, మంచం పక్కన కూర్చుని తొడిమలు తీస్తూ.

"నాకు అయ్యే కావాలి. రేటు ఎక్కువైనా ఇస్తా."

నాగేంద్ర పకపకా నవ్వాడు.

"బంగారంలాంటి కాయ ఎదురుగా ఉంటే మచ్చల కాయలేందమ్మా? ఇంటికి పోతే మొగుడు తిడతాడు."

"మొగుడు లేడులే బాబూ. ఈ పెద్ద రాశిలోయి మీరు తింటారా?"

నాగేంద్ర మళ్లీ మందు సీసాల వైపు తిరిగాడు.

"మీ పిల్లలకు పెడతారా?"

"కొంటే కొను, లేకపోతే దారి చూసుకో. ఆఫీసరమ్మలాగా ఈ ప్రశ్నలేంది?"

ఆమె గోతాలు చంకన సర్దుకుంది.

"సరేనయ్యా. తాము తినేవే అమ్మే ఇల్లు ఎక్కడన్నా ఉందేమో చూస్తా."

"దొరికితే మాక్కూడా అడ్రసు చెప్పు!" వెనకనుంచి కేకేశాడు నాగేంద్ర.

సాయంత్రం కూతురు సాయిసాత్విక ఫోన్ చేసింది. ఆ పిల్ల నర్సరావుపేటలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. రమాదేవి బోరు దగ్గర నిలబడి చాలాసేపు వింది.

ఫోన్ పెట్టేసి సాళ్ల మీది చీరలు ఒక్కొక్కటే తీసి మడతపెట్టింది. తర్వాత మంచం మీది కాయలు గోతంలోకి ఎత్తసాగింది.

"ఏందే, యాడికవి?" అన్నాడు నాగేంద్ర.

"రేపు నర్సరావుపేట పంపిస్తున్నా. ఈ ఏడు మనకు పెద్ద రాశిలోయే కారం పట్టిస్తా."

అతను ఎగిరిపడ్డాడు.

"పిచ్చా నీకు? అయ్యి తింటానికి కాదే!"

కొండలు తొడిమలు తీయడం ఆపి కొడుకు వైపు తిరిగాడు.

"ఏందీ, ఏందీ? ఇంకోసారి చెప్పరా అబ్బాయ్," రాఘవమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "చెవులారా విని చస్తా."

నాగేంద్ర తల వంచుకున్నాడు. అప్పుడే డ్రోన్ కుర్రాడు ఫోన్ చేశాడు. అది రెండుసార్లు మోగాక ఎత్తాడు.

"రావద్దులే తమ్ముడూ," అని పెట్టేశాడు.

రమాదేవి గొంతు పెంచలేదు.

"ఇకనుంచి మన చేలో ఇంటి సాళ్లంటూ విడిగా ఉండవు. చేనంతా ఇంటిదే. మనం తినలేనిది పండించొద్దు. ఆ పెద్ద రాశి ముందు ల్యాబుకు పంపించయ్యా, నువ్వు చదువుకున్నది అందుకేగా. తినొచ్చంటేనే మిర్చి యార్డుకు, లేకపోతే లేదు."

"నష్టమొచ్చిద్దేమో," అన్నాడతను. కానీ ఆ మాటలో పట్టు లేదు.

"రానీరా," అంది రాఘవమ్మ. ఆమె ముఖం వెలిగిపోతోంది. "నా కోడలు చెప్పిందిగా!"

"అది సరేనమ్మా," అన్నాడు కొండలు, "ఆ గోతం ఎవరికి?"

"పొద్దున మనం ఎల్లగొట్టిన ఆవిడకు."

"ఆమె ఎవరో నీకు తెలుసా?"

రమాదేవి గోతం మూతి బిగించి కట్టింది.

"'నీ పేరు చెబితే మీవోళ్లు నీ ఒక్కదానికే మంచి కాయలు కట్టిస్తారు, మరి మిగతా పిల్లలకో' అని మన సాత్వికతో చెప్పి మరీ, మన పాప పేరెత్తకుండా కాయలడిగి వెళ్లిన ఆవిడ, మన బిడ్డకు హాస్టల్లో రోజూ వండిపెట్టే గ్రేసత్త, మామయ్యా."