అంకితం

మిల్వాకీ సాఫ్ట్‌వేర్ సదస్సులో మొదటి ప్రసంగం ఎమెట్‌ది. హాలంతా చప్పట్లు కొడుతోంది. కింద కూర్చున్న ఆర్డిత్‌కి మాత్రం ఒళ్లు మండిపోతోంది.

చెవులు వినపడని ఒక ముసలావిడని ఎమెట్ వేదిక మీదికి పిలిచాడు. ఫోన్‌లో ఆవిడ మనవరాలు "నానమ్మా, నా పన్ను ఊడిపోయింది!" అనగానే ఆ మాట తెర మీద అక్షరాలై కనిపించింది. ముసలావిడ చదువుకుని పకపకా నవ్వింది.

చిన్నపిల్లల ముద్దుమాటల్ని కూడా పట్టుకునేలా ఆ ప్రోగ్రాంని తీర్చిదిద్దింది ఆర్డిత్. మిగతాది ఎమెట్ రాశాడు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా మార్చుకోవచ్చు అని ఇద్దరూ దాన్ని ఉచితంగా లోకానికి వదిలేశారు. అతను మాడిసన్‌లో, ఆమె గ్రీన్ బేలో. ఏళ్ల తరబడి అంతా ఈమెయిళ్ల మీదే నడిచింది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

రెండేళ్ల క్రితం ఉన్నట్టుండి ఆమెని ప్రాజెక్టులోంచి తీసేశాడు. ఒక్క ముక్క చెప్పలేదు. ఎందుకని అడగబోతే భర్త లైల్ అడగనివ్వలేదు.

"గెంటేసినవాడి కాళ్లు పట్టుకుంటావా? పీడా పోయింది. ఇకనైనా నాతో కాపురం చెయ్యి, ఆ లాప్‌టాప్‌తో కాదు."

ఇవాళ కూడా వెళ్లొద్దనే అన్నాడు. ఆమె వినకపోయేసరికి తనూ వెంట వచ్చాడు. ఇప్పుడు పక్కన టోపీ కళ్ల మీదికి లాక్కుని కునుకు తీస్తున్నాడు.

చివర్లో తెర మీద పెద్ద అక్షరాలు వెలిగాయి: 'కీర్తిశేషురాలు ఆర్డిత్‌కి అంకితం.'

జనమంతా లేచి నిలబడ్డారు. ఆర్డిత్ లేవలేకపోయింది.

"నేను చచ్చానంటాడేంటి?"

"చచ్చినవాళ్లు పేరులో వాటా అడగరుగా," గొణిగాడు లైల్. "దొంగ వెధవ. పద, పోదాం. ఆలస్యమైతే కారు బయటికి తియ్యలేం."

"నువ్వుండు. వాడి మొహం మీదే అడుగుతా."

చెయ్యి విదిలించుకుని విసవిసా వేదిక వైపు నడిచింది. "ఆగవే, నా మాట విను!" అంటూ లైల్ వెనకే పరిగెత్తాడు.

ఎమెట్ మెట్లు దిగాడు. ఆమె నోరు తెరిచేలోపే ఆమెని దాటుకుని వెళ్లి లైల్‌ని గట్టిగా కౌగిలించుకున్నాడు.

"లైల్ గారూ, ఆర్డిత్ పోయిందని చెప్పడానికి ఆ రోజు మా ఇంటికొచ్చి మీరు ఏడ్చిన ఏడుపు నేనింకా మర్చిపోలేదండీ!"