ఎడమ స్పీకరు

ఆడలేక మద్దెల ఓడన్న సామెత మా ఆయన కోసమే పుట్టింది. మా మామగారి పాత యాంప్లిఫయర్‌ను అటక మీంచి దించి, మూడు రోజులుగా భోజనాల బల్ల మీద విప్పి పెట్టాడు. ఎడమ స్పీకరు గొంతు పెగలడం లేదట.

షాపు నుంచి కొత్త కెపాసిటర్లు తెచ్చి మార్చాడు. సోల్డరింగ్ పొగతో ఇల్లంతా కంపు చేశాడు. చివరికి పాట పెట్టి, స్పీకర్లనే అటుది ఇటు, ఇటుది అటు మార్చాడు. అప్పుడూ ఎడమవైపుదే పలకలేదట.

"నకిలీ సరుకు అంటగట్టాడు ఆ షాపువాడు!" అన్నాడు.

"రెండూ మోగుతున్నాయండీ," అన్నాను పక్కన నిలబడి. వినిపించుకుంటేగా! నా మాట ఎప్పుడు విన్నాడు గనక?

ఒళ్లు మండి, ఆయన్ని కుర్చీతో సహా వెనక్కి, గోడవైపు తిప్పేశాను. పాట మోగుతూనే ఉంది.

ఆయన క్షణం విని మొహం చిట్లించాడు. "ఇదేమిటే! ఇప్పుడు ఎడమది బాగుపడింది, కుడిది పోయింది!"

నేను మెల్లగా ఆయన కుడి చెవి వైపుకు వచ్చి నిలబడ్డాను.

పదేళ్లుగా ఈ బల్ల దగ్గర నేను కూర్చునేది ఆయన ఎడమ పక్కనే. నా మాటంటే పెడచెవిన పెడతాడని చుట్టాలందరికీ చెప్పుకుంటూ వచ్చాను.